1942 ఏప్రిల్ 6: విశాఖపై బాంబులు పడిన నాడు మిగతా ప్రపంచంలో యుద్ధం

1942 ఏప్రిల్ 6, సోమవారం. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం తెలుగు నేలను నేరుగా తాకిన ఆ ఘటనను మన ప్రాంత చరిత్రలు సాధారణంగా రెండు మూడు వాక్యాల్లో ముగిస్తాయి. బాంబులు పడ్డాయి, జనం ఊళ్లు వదిలి పారిపోయారు, ఆ తర్వాత ఏమీ జరగలేదు అన్నట్టుగా ఉంటుంది ఆ కథనం. కానీ విశాఖకు ఆ రోజు రక్షణ ఎందుకు లేదు, అంత తేలిగ్గా వచ్చినవాళ్లు దండు దింపకుండా ఎందుకు వెళ్లిపోయారు అనే ప్రశ్నలకు విశాఖలో జవాబు దొరకదు. అదే రోజు ఫిలిప్పీన్స్‌లో, బర్మాలో, మాల్టాలో, రష్యాలో, జర్మనీ మీద, అట్లాంటిక్ మహాసముద్రంలో ఏం జరుగుతోందో పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడే ఆ జవాబు దొరుకుతుంది.

ముందు బంగాళాఖాతం సంగతి. అప్పటికి సింగపూర్ పడిపోయి ఏడు వారాలు, రంగూన్ పడిపోయి నాలుగు వారాలు అయ్యాయి. మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ చేతికి చిక్కాయి. బర్మాలో పోరాడుతున్న జపాన్ సైన్యానికి మనుషులు, సరుకులు సింగపూర్ నుంచి రంగూన్‌కు సముద్రం మీదుగానే చేరాలి. ఆ దారికి ఎదురుగా ఉన్న ఒకే ప్రమాదం సింహళం (నేటి శ్రీలంక)లోని బ్రిటిష్ నౌకాదళం. దాన్ని దెబ్బతీయడానికి జపాన్ రెండు దళాలను పంపింది. వైస్ అడ్మిరల్ నగుమో నాయకత్వంలో ఐదు పెద్ద విమానవాహక నౌకలు సింహళం మీదికి వెళ్లాయి. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ఐదు భారీ క్రూయిజర్లు (వేగంగా పోయే పెద్ద యుద్ధనౌకలు), యురా అనే ఒక తేలిక క్రూయిజర్, ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక, కొన్ని విధ్వంసక నౌకలు బర్మా దక్షిణ తీరంలోని మెర్గుయి నుంచి బయలుదేరి భారత తూర్పు తీరం వైపు వచ్చాయి.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు నగుమో విమానాలు కొలంబోపై విరుచుకుపడ్డాయి. అదే మధ్యాహ్నం నైరుతి దిశగా సముద్రంలో ఉన్న కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లను కొద్ది నిమిషాల్లోనే ముంచేశాయి. ఆ రెండింటిలోనూ కలిపి 424 మంది చనిపోయారు. మిగిలిన 1,100 మందికి పైగా నావికులు చమురు తెట్టు కట్టిన నీటిలో, చెక్కలను, తెప్పలను పట్టుకుని, మధ్యలో గాయపడినవారిని ఉంచుకుని రాత్రంతా గడిపారు. వారిని బ్రిటిష్ నౌకలు వచ్చి ఎక్కించుకున్నది మర్నాడు, అంటే ఏప్రిల్ 6న. ఆ రోజు బ్రిటిష్ తూర్పు నౌకాదళాధిపతి సోమర్విల్ ముందున్న పని అంతవరకే. నగుమో ఎక్కడున్నాడో ఆయనకు తెలియలేదు. తన దగ్గరున్న యుద్ధనౌకల్లో ఎక్కువ భాగం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన పాతవి కాబట్టి, పగటిపూట జపాన్ విమానాల కంటబడకుండా ఉండటమే ఆయన చేయగలిగింది. ఇది పిరికితనం అని నాకు అనిపించదు. ఆ నౌకలు కూడా మునిగి ఉంటే హిందూ మహాసముద్రంలో బ్రిటన్‌కు మిగిలేది ఏమీ లేదు.

సోమర్విల్ దృష్టి, ఆయన నౌకలు సింహళానికి దక్షిణాన చిక్కుకుపోయిన ఆ సమయంలో బంగాళాఖాతం మొత్తం దిక్కులేకుండా పడి ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే కలకత్తా రేవులో కిక్కిరిసిన వాణిజ్య నౌకలు అక్కడే ఉంటే బాంబులకు బలి అవుతాయన్న భయంతో వాటిని చిన్న చిన్న గుంపులుగా, వెంట ఒక్క యుద్ధనౌక కూడా లేకుండా దక్షిణానికి పంపించారు. ఏప్రిల్ 6 తెల్లవారేసరికి ఒజావా తన దళాన్ని మూడుగా చీల్చాడు. ఒక భాగం ఉత్తరాన ఒరిస్సా తీరానికి, ఒకటి మధ్యన, మరొకటి దక్షిణాన మచిలీపట్నం, కాకినాడల ఆవలి సముద్రానికి వెళ్లాయి. కలకత్తా నుంచి వస్తున్న నౌకలు నేరుగా ఆ మూడు భాగాల ముందుకే వచ్చాయి. ఆ ఒక్క రోజులోనే సుమారు 20 వాణిజ్య నౌకలు మునిగాయి. ఆ వారం మొత్తం మీద ఒజావా దళం ముంచిన నౌకలు 23, వాటి మొత్తం బరువు 1,12,000 టన్నులకు పైమాటే. ఒజావాకు ఒక్క నౌక కూడా నష్టం కాలేదు.

ఆ వేట ఎలా సాగిందో ఒక్క ఉదాహరణ చాలు. డార్డనస్ అనే బ్రిటిష్ వాణిజ్య నౌక అంతకు ముందే విమాన దాడిలో దెబ్బతిని, ఇంజన్లు పనిచేయక నిలిచిపోయింది. దారిన పోతున్న గందారా అనే మరో నౌక దానికి మోకు కట్టి, మద్రాసు చేర్చాలని నెమ్మదిగా లాక్కుపోతోంది. సముద్రంలో ఆపదలో ఉన్న నౌకను వదిలి పోకూడదన్న పాత మర్యాదను గందారా పాటించింది. కట్టి లాగే నౌక వేగంగా పోలేదు, పక్కకు తప్పుకోలేదు. ఆ స్థితిలో మికుమా, మొగామి అనే రెండు భారీ క్రూయిజర్లు ఎదురయ్యాయి. రెండు నౌకలూ మునిగాయి. ఇది యుద్ధం అనడానికి వీలు లేని యుద్ధం. ఒక పక్క ఎనిమిది అంగుళాల తుపాకులు, ఇంకో పక్క జనపనార, తేయాకు, బొగ్గు మోసే నౌకలు, వాటిలో ఎక్కువమంది భారతీయ, చైనా కళాసీలు. పడవలెక్కి ఒరిస్సా, ఆంధ్ర తీరాలకు చేరినవారు చేరారు, చేరలేనివారి లెక్క ఏ ఒక్కచోటా సరిగ్గా నమోదు కాలేదు.

విశాఖ, కాకినాడల మీదికి వచ్చినవి ర్యుజో నుంచి ఎగిరిన విమానాలు. విశాఖ రేవు అప్పటికి కొత్తది, 1933లో మొదలైంది. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసి ఏడాది కూడా తిరగలేదు. కాకినాడలో పెద్ద నౌకలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి ఉంటే, సరుకును పడవల మీద చేరవేసేవారు. రెండు చోట్లా వచ్చిన విమానాలను అడ్డుకోవడానికి ఒక్క యుద్ధవిమానం కూడా లేదు. రేవు ప్రాంతంలో బాంబులు పడ్డాయి, ఒడ్డుకు ఆవలి నౌకలు దెబ్బతిన్నాయి, కొద్దిమంది ప్రాణాలు పోయాయి. కొలంబోతో పోల్చినా, రంగూన్‌తో పోల్చినా ఆస్తి నష్టం చాలా తక్కువ. భయం మాత్రం తక్కువ కాదు. అప్పటికే రంగూన్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు బాంబు దాడి అంటే ఏమిటో ఊరూరా చెప్పి ఉన్నారు. విశాఖలో ఇళ్లకు తాళాలు పడ్డాయి, బళ్ల మీద, రైళ్ల మీద, కాలినడకన జనం లోతట్టు ఊళ్లకు తరలిపోయారు. ఆ వారంలోనే మద్రాసు ప్రభుత్వం కూడా రాజధాని నుంచి అత్యవసరం కానివారిని వెళ్లిపొమ్మంది. హైకోర్టు కోయంబత్తూరుకు మారింది, ఇతర కార్యాలయాలు లోపలి జిల్లాలకు చెదిరిపోయాయి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధం ముగిసేదాకా అక్కడే నడిచింది.

అయితే జపాన్ భారత తీరాన దిగడానికి సిద్ధమైందా? మద్రాసులో, ఢిల్లీలో, లండన్‌లో కూడా చాలామంది అవుననే అనుకున్నారు. వాస్తవం వేరు. ఒజావా దళంలో సైనికులను దింపే రవాణా నౌక ఒక్కటీ లేదు. సింహళాన్ని ఆక్రమించాలని జపాన్ నౌకాదళంలో కొందరు ప్రతిపాదించినా, అందుకు కావలసిన రెండు డివిజన్లు ఇవ్వడానికి వారి సైన్యం ఒప్పుకోలేదు. ఆ సైన్యంలో పెద్ద భాగం చైనాలో ఇరుక్కుని ఉంది, మరో పెద్ద భాగం మంచూరియాలో రష్యా సరిహద్దును కాస్తోంది, మిగిలినది బర్మాలో, ఫిలిప్పీన్స్‌లో, దక్షిణ దీవుల్లో పరుచుకుని ఉంది. అంటే విశాఖ మీద బాంబులు వేసిన చేయి అప్పటికే చాచగలిగినంత దూరం చాచి ఉంది. ఈ సంగతి ఆ రోజు మద్రాసు సచివాలయానికి తెలిసే మార్గం లేదు కాబట్టి వారు భయపడటం తప్పని నేను అనను. కానీ జనానికి ముందుగా ఏమీ చెప్పకుండా, రక్షణ ఏర్పాట్లు ఏమీ చూపించకుండా, దాడి జరిగాక మాత్రం వెళ్లిపొమ్మనడం పాలన వైఫల్యమే.

ఆ రోజే ఢిల్లీలో సరిగ్గా ఈ విషయం మీదే చర్చ నడుస్తోంది. బ్రిటిష్ యుద్ధ మంత్రివర్గం పంపిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్ మార్చి చివరి వారం నుంచి కాంగ్రెస్ నాయకులతో మాట్లాడుతున్నారు. యుద్ధం తర్వాత స్వపరిపాలన అన్న హామీని కాంగ్రెస్ కార్యవర్గం అప్పటికే తోసిపుచ్చినా, చర్చలు మాత్రం తెగలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మిగిలిన ముఖ్యమైన చిక్కు, దేశ రక్షణ బాధ్యత భారతీయ మంత్రి చేతిలో ఉండాలా, లేక బ్రిటిష్ సర్వసేనాని చేతిలోనే ఉండాలా అన్నది. అమెరికా అధ్యక్షుడి ప్రతినిధిగా కర్నల్ లూయిస్ జాన్సన్ కూడా మధ్యవర్తిగా దిగారు. దేశ రక్షణలో భారతీయులకు మాట లేదని వాదిస్తున్న నాయకులకు, ఆ రక్షణ ఎంత బోలుగా ఉందో విశాఖ, కాకినాడలు కళ్లకు కట్టాయి. చర్చలు ఆ వారమే విఫలమయ్యాయి, 12న క్రిప్స్ వెళ్లిపోయారు. చర్చలు విఫలం కావడానికి బాంబులు కారణం కావు, కానీ క్విట్ ఇండియాకు దారితీసిన అపనమ్మకంలో తీరం కాపలా లేకుండా పడి ఉండటానికి తప్పకుండా వాటా ఉంది.

మరి విశాఖకు రాని విమానాలు ఎక్కడున్నాయి? ఆ రాత్రే, ఏప్రిల్ 6 రాత్రి, బ్రిటిష్ వైమానిక దళం 150కి పైగా బాంబర్లను జర్మనీలోని ఎస్సెన్ నగరం మీదికి పంపింది. దారిలో తుఫాను, రెక్కల మీద మంచు, లక్ష్యం మీద దట్టమైన మబ్బు. లక్ష్యం చేరామని చెప్పుకోగలిగినవి మూడో వంతు విమానాలు కూడా లేవు. నగరానికి జరిగిన నష్టం స్వల్పం. ఆ సమయంలో భారత సర్వసేనాని వేవెల్ దగ్గర సింహళ దాడిని ఎదుర్కోవడానికి ఉన్న తేలికపాటి బాంబర్లు 20 కూడా లేవు. మూడు ముఖ్యమైన యుద్ధనౌకలు, లక్ష టన్నుల దాకా వాణిజ్య నౌకలు పోగొట్టుకున్న చోట తనకు ఇంత తక్కువ బలం ఇచ్చి, ఆ తర్వాతి ఒక దాడిలో ఒక జర్మన్ నగరం మీదికి 200కు పైగా భారీ బాంబర్లు పంపడం ఏమిటని ఆయన కొద్ది రోజుల్లోనే లండన్‌కు ఘాటుగా తంతి పంపారు. ఒక రంగంలో లేని ఆయుధం మరో రంగంలో వాడుతున్న ఆయుధమేనని ఇంత నేరుగా చూపించిన పత్రాలు అరుదు. నా అంచనాలో వేవెల్ వాదనలో బలముంది. ఎస్సెన్ మీద ఆ రాత్రి వృథా అయిన విమానాల్లో ఒక చిన్న భాగం బంగాళాఖాతం గస్తీకి ఉండి ఉంటే, కలకత్తా నౌకలకు కనీసం ముందు హెచ్చరిక అందేది. ఏప్రిల్ 4న నగుమో దళాన్ని కనిపెట్టి కొలంబోను హెచ్చరించింది కెనడా వైమానికుడు లియొనార్డ్ బర్చల్ నడిపిన ఒకే ఒక్క కటలీనా గస్తీ విమానం. హెచ్చరిక పంపుతుండగానే దాన్ని కూల్చి ఆయనను బందీగా పట్టుకున్నారు. కలకత్తా నౌకలకు అలాంటి హెచ్చరిక అందలేదు.

మధ్యధరా సముద్రంలో మాల్టా దీవి కూడా అలాంటి లేమిలోనే ఉంది. జర్మన్, ఇటాలియన్ విమానాలు ఆ ఒక్క నెలలో 6,700 టన్నుల దాకా బాంబులు ఆ చిన్న దీవి మీద కుమ్మరించాయి. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్‌కు వెళ్లే సరుకును అడ్డుకునే స్థావరం అది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి బ్రిటన్ యుద్ధవిమానాలను విమానవాహక నౌకల మీద తెచ్చి వదలవలసి వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలో మాత్రం ఆ రోజు రెండు సేనలూ గజాలా దగ్గర ఎదురెదురుగా మందుపాతరలు పరుచుకుంటూ, పెద్ద యుద్ధం లేకుండా గడిపాయి.

ఫిలిప్పీన్స్‌లో అదే సోమవారం తీర్పు రోజు. బతాన్ ద్వీపకల్పంలో అమెరికన్, ఫిలిపినో సేనలు మూడు నెలలుగా ముట్టడిలో ఉన్నాయి. తిండి పావు వంతుకు పడిపోయింది, సవారీ గుర్రాలను కూడా కోసుకు తిన్నారు, మలేరియాకు మందు లేదు. ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే నాడు జపాన్ జనరల్ హోమ్మా కొత్త దళాలతో, భారీ ఫిరంగి దాడితో చివరి పోరు మొదలుపెట్టాడు. సమాత్ కొండ పోయింది. 6వ తేదీన అమెరికన్లు, ఫిలిపినో స్కౌట్లు దాన్ని తిరిగి పట్టడానికి ఎదురుదాడి చేశారు. అది మొదలైన చోటే విరిగిపోయింది. నిలబడి తుపాకి పట్టుకోవడమే కష్టమైన మనుషులతో చేసిన ఎదురుదాడి అది. మూడు రోజుల తర్వాత జనరల్ కింగ్ సుమారు 75,000 మందితో లొంగిపోయారు. ఆ ఖైదీలను నడిపించి వేలమందిని బలిగొన్న ఆ తర్వాతి మరణ యాత్ర సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. జపాన్ అనుకున్న కాలానికి బతాన్ లొంగలేదు కాబట్టే హోమ్మాకు ఇతర రంగాల నుంచి కొత్త సేనలు, ఫిరంగులు తరలించవలసి వచ్చింది. ఆకలితో అలమటిస్తున్న ఆ మనుషులు వేల మైళ్ల అవతల ఉన్న తీరాలకు కూడా కొంత ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చారు.

రష్యాలో ఆ రోజు చలికాలపు యుద్ధం మంచు కరిగే బురదలో ఆగిపోయే దశలో ఉంది. లెనిన్‌గ్రాడ్ ముట్టడి ఎనిమిదో నెల దగ్గర పడుతోంది. లదోగా సరస్సు మంచు మీద వేసిన దారి కరగబోతోంది. దెమ్యాన్స్క్ దగ్గర రష్యన్లు సుమారు లక్షమంది జర్మన్లను చుట్టుముట్టారు. ఫిబ్రవరి నుంచి వారికి తిండి, మందుగుండు విమానాల మీదే చేరుతున్నాయి. బయటి నుంచి వచ్చిన దళాలు వారిని కలిసేందుకు దారి తొలుస్తున్నాయి, ఆ నెలాఖరు లోపు కలిశాయి కూడా. చుట్టుముట్టిన సైన్యాన్ని గాలి మార్గాన పోషించవచ్చన్న నమ్మకం జర్మన్లకు అక్కడే బలపడింది. అదే నమ్మకం ఆ ఏడాది చివర స్టాలిన్‌గ్రాడ్‌లో వారిని నిలువునా ముంచింది.

అట్లాంటిక్ తీరంలో జర్మన్ జలాంతర్గాములు అమెరికా నౌకలను దాదాపు అడ్డు లేకుండా ముంచుతున్నాయి. తీర నగరాల దీపాల వెలుగులో చమురు నౌకల రూపురేఖలు స్పష్టంగా కనిపించేవి. కలకత్తా నుంచి నౌకలు తోడు లేకుండా బయలుదేరినట్టే ఫ్లోరిడా, కరొలైనా తీరాల వెంట కూడా నౌకలు ఒంటరిగా పోతున్నాయి. నౌకలను గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో నడిపించే పద్ధతి అక్కడ మే నెల దాకా సరిగ్గా మొదలుకాలేదు.

ఇన్ని చోట్ల ఇంత జరుగుతున్నా, ఆ రోజుకు అసలు బరువు ఆ ముందు రోజు సంతకాలు పడిన రెండు నిర్ణయాల్లో ఉంది. ఏప్రిల్ 5న హిట్లర్ 41వ ఆదేశం జారీ చేశాడు. మాస్కోను వదిలి, దక్షిణాన కాకసస్ చమురు వైపు వెళ్లాలన్నది దాని సారం. స్టాలిన్‌గ్రాడ్‌కు దారి అక్కడి నుంచే మొదలవుతుంది. అదే ఏప్రిల్ 5న టోక్యోలో నౌకాదళ ప్రధాన కార్యాలయం తమ సంయుక్త నౌకాదళాధిపతి యమమొటో పట్టుదలకు తలవంచి, పసిఫిక్‌లో అమెరికన్ల చేతిలో ఉన్న మిడ్వే దీవి మీద దాడికి ఒప్పుకుంది. అప్పటికి నగుమో నౌకలు హిందూ మహాసముద్రంలో ఉన్నాయి. వాటిని తిరిగి పసిఫిక్‌కు రప్పించి, సరిగ్గా విశ్రాంతి కూడా ఇవ్వకుండా ఆ కొత్త పనికి పంపాలి. సింహళం ఎందుకు ఆక్రమణకు గురి కాలేదో, విశాఖకు ఒజావా మళ్లీ ఎందుకు రాలేదో ఈ నిర్ణయం చాలావరకు చెబుతుంది. ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద దాడి చేసి, హెర్మీస్ అనే విమానవాహక నౌకను ముంచి నగుమో వెనుదిరిగాడు. ఆ నెల తర్వాత అంత పెద్ద జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి మళ్లీ రాలేదు.

అమెరికన్లు కూడా ఆ సమయంలో ఖాళీగా లేరు. హార్నెట్ విమానవాహక నౌక 16 బాంబర్లను ఎక్కించుకుని ఏప్రిల్ 2న శాన్ ఫ్రాన్సిస్కో విడిచింది. 6వ తేదీన అది పసిఫిక్ మధ్యలో జపాన్ వైపు సాగుతోంది. 18న ఆ విమానాలు టోక్యో మీద బాంబులు వేశాయి. జపాన్ మేటి నౌకలు బంగాళాఖాతం చుట్టుపక్కల ఉన్నందుకే ఆ దాడి సాధ్యమైందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది గానీ, ఏకకాలంలో రెండు మహాసముద్రాలను కాయగల బలం జపాన్‌కు లేదన్నది ఆ నెలలోనే బయటపడింది. గందారాను, డార్డనస్‌ను ముంచిన క్రూయిజర్లలో మికుమా రెండు నెలలు తిరిగేసరికి మిడ్వే దగ్గర అమెరికన్ విమానాలకు చిక్కి మునిగింది. విశాఖ మీదికి విమానాలను పంపిన ర్యుజో ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర మునిగింది.

బర్మాలో ఆ సోమవారం వెనకడుగు రోజు. ప్రోమ్ నగరం పోగొట్టుకున్న బ్రిటిష్, భారత సేనలు ఐరావతి వెంట ఉత్తరాన చమురు బావులున్న యెనాంగ్‌యాంగ్ వైపు తగ్గుతున్నాయి. జపాన్ 18వ డివిజన్ సముద్రం మీదుగా రంగూన్‌కు చేరుతున్నది ఆ రోజుల్లోనే. ఒజావా, నగుమోల దాడి వెనుక ఉన్న సైనిక ప్రయోజనం అదే. సముద్రంలో బ్రిటిష్ నౌకలు చెల్లాచెదురై ఉండగా ఆ డివిజన్ క్షేమంగా దిగింది, దిగిన కొద్ది వారాల్లోనే బర్మా పూర్తిగా చేజారింది. ఏప్రిల్ 3న జపాన్ బాంబులకు మాండలే నగరంలో పెద్ద భాగం తగలబడిపోయింది. ఆ మంటలను దాటి ఉత్తరానికి, పడమరకు నడుస్తున్న లక్షలాది భారతీయుల్లో రంగూన్ రేవులో మూటలు మోసిన, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలు చాలా ఎక్కువ. గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఏటా కాకినాడ, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లివచ్చినవాళ్లు వీళ్లు. ఆ స్టీమర్ దారి ఇప్పుడు రెండు కొసలా మూసుకుపోయింది. టౌంగుప్ కనుమల మీదుగా అక్యాబ్‌కు, లేదా మాండలే నుంచి కాలేవా, తామూల మీదుగా మణిపూర్‌కు నడవడం తప్ప వేరే దారి లేదు. కలరాకు, ఆకలికి, అలసటకు ఆ దారుల్లో రాలిపోయినవారి సంఖ్య విశాఖ బాంబులకు పోయినవారితో పోల్చలేనంత పెద్దది.

తూర్పు తీరం వెంట నౌకల రాకపోకలు కొన్ని వారాల పాటు దాదాపు నిలిచిపోయాయి. బెంగాల్ బొగ్గు, దక్షిణాది సరుకులు సముద్రం మీద పోయేవి కాస్తా అప్పటికే సైన్యం అవసరాలతో కిటకిటలాడుతున్న రైళ్ల మీద పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోవడంతో ఆ బియ్యం మీద ఆధారపడిన బెంగాల్, తిరువాన్కూరు, సింహళం ఇతర చోట్ల ధాన్యం కోసం వెతుక్కోవలసి వచ్చింది. జపాన్ దిగుతుందన్న భయంతోనే బెంగాల్ తీర జిల్లాల్లో వేలాది పడవలను అధికారులు స్వాధీనం చేసుకున్నారు, కొన్నింటిని ధ్వంసం చేశారు. ఆ పడవలే అక్కడి జాలరులకు, రైతులకు బతుకుతెరువు. 1943 నాటి బెంగాల్ కరువుకు దారితీసిన కారణాల్లో బర్మా బియ్యం ఆగిపోవడంతో పాటు ఈ పడవల స్వాధీనాన్ని కూడా చరిత్రకారులు చేరుస్తారు.